ఫోను అంగీ

దోహా ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపులో, రెండో అంతస్తు చివరి అర్రలో ఉండే ఆరుగురికీ అంగీలు ఎన్ని ఉన్నా ఫోను అంగీ మాత్రం ఒక్కటే. లేత నీలం రంగుది, నిండు చేతులది. దాన్ని కొన్నది మల్లన్న. కొన్న మొదటి శుక్రవారమే తిరుమల్ బతిమాలి తొడుక్కున్నాడు. ఆ తర్వాత మిగతావాళ్లూ ఊరుకోలేదు. అట్లా ఆ అంగీ మల్లన్నది కాకుండా పోయి అర్రది అయింది.

దానికి కట్టుబాట్లున్నాయి. గురువారం సాయంత్రం వంతు వచ్చినవాడు ఉతికి, ఇస్త్రీ చేసి, తలుపు వెనక మేకుకు తగిలించాలి. దాన్ని తొడుక్కుని అన్నం తినకూడదు, నడుం వాల్చకూడదు, క్యాంపు దాటి అసలే వెళ్లకూడదు. శుక్రవారం సెలవు. పొద్దున వంటలయ్యాక ఒకరి తర్వాత ఒకరు ఆ అంగీ వేసుకుని, ముఖానికి పౌడరు అద్దుకుని, గోడకు కట్టిన పూల దుప్పటి ముందు కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తారు. దుప్పటి వెనక గోడకు పెచ్చులూడాయి. ఊళ్లో వాళ్లకు గల్ఫంతా దుబాయే. దుబాయ్‌లో గోడలకు పెచ్చులూడతాయంటే ఎవరు నమ్ముతారు? ఒకసారి తిరుమల్ తొందరపడి లాగితే రెండో గుండీ తెగి ఎటో దొర్లిపోయింది. మల్లన్న వెతికి వెతికి, అలాంటిది దొరక్క, గోధుమరంగు గుండీ ఒకటి లావుపాటి దారంతో కుట్టాడు. అంత చిన్నది ఫోనులో ఎక్కడ కనిపిస్తుందిలే అని అందరూ కలిసి తీర్మానించారు.

ఆరుగురి ఒళ్లు ఒక్క కొలత కాదు కదా. తిరుమల్ సన్నటివాడు కాబట్టి వీపు వెనక బట్టను మడిచి బట్టల క్లిప్పు పెట్టేవాళ్లు. ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకే. క్లిప్పు అక్కర్లేనివాడు ఒక్క భూమేష్. అతని భుజాలకు కొలిచి కుట్టినట్టు ఉండేది. భూమేష్ పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ గ్యాంగుకు పెద్ద, చార్జ్‌హ్యాండ్. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన రోజే పైపు భుజాన వేసుకున్నాడు, ఇప్పటిదాకా దించలేదు. అతను కట్టిన పరంజా మీదికి ఎక్కినవాడు కిందికి చూసి భయపడ్డాడన్న మాట ఏ సైటులోనూ పుట్టలేదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోడు గాని, ఎవరైనా చెబితే మాత్రం అడ్డుపడడు.

ఆ శుక్రవారం అతను అంగీ తొడుక్కుంటే భుజాలు జారాయి. మల్లన్న వెనక్కి వచ్చి ఒక క్లిప్పు పెట్టాడు. సరిపోలేదు. ఇంకోటి పెట్టాడు. భూమేష్ పౌడరు ఎప్పటికంటే మందంగా పట్టించి దుప్పటి ముందు కూర్చున్నాడు.

అవతల అతని భార్య స్వర్ణ ఫోనును చాట అంచుకు ఆనించి బీడీలు చేస్తోంది. ఆమె తలెత్తకుండానే తిన్నావా అని అడుగుతుంది, ఇతను తిన్నానంటాడు. పాణం ఎట్లుందంటుంది, నాకేమైతదే మంచిగున్న అంటాడు. ఏళ్ల తరబడి ఈ నాలుగు మాటలే ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి. ఆ రోజూ అవే తిరిగాయి. నాలుగింటిలో రెండు అబద్ధాలని అతని కడుపుకు తెలుసు. ముద్ద దిగితే రొమ్ము కింద నిప్పు పెట్టినట్టు మంట, దిగకపోతే మెలిపెట్టే నొప్పి. దాంతో తిండి సగానికి తగ్గింది. అంతకు ముందు నుంచే నడుం నొప్పి. పొద్దున్నే బస్సు ఎక్కే ముందు ఖాళీ కడుపున నొప్పి గోళీ వేసుకుని పైన నల్లచాయ్ తాగడం అలవాటైంది. అది లేకపోతే పైపు లేవదు. ఈ మధ్య దొడ్డికి పోతే నల్లగా వస్తోంది. దాని గురించి ఆలోచించడం మానేశాడు.

కంపెనీ కొత్తగా ఆన్‌లైన్ డాక్టర్‌ను పెట్టింది. క్యాంపు ఆఫీసులో చెబితే అక్కడ ఉండే క్యాంప్ బాస్ జలాలుద్దీన్ టైము బుక్ చేస్తాడు, ఎవరి ఫోనుకు వాళ్లకు లింకు వస్తుంది. అప్పటికే చూపించుకున్న తిరుమల్ పోరు పడలేక భూమేష్ కూడా పేరు చెప్పాడు. ఆ లింకు ఇంటి కాల్ అయిపోయిన కాసేపటికే వచ్చింది. ఎలాగూ అంగీ ఒంటిమీదే ఉంది, పౌడరు చెదరలేదు, దుప్పటి కట్టే ఉంది. డాక్టర్ కూడా ఫోనులోనే కదా వచ్చేది. అదే చోట కూర్చున్నాడు.

ఫోనులో సగం మీద ఈజిప్టు నుంచి వచ్చిన మిస్రీ డాక్టర్ కనిపించాడు, ఇంకో సగం మీద తలకు స్కార్ఫ్, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న నర్సు. పేరు తహెరున్నీసా, మనది కోరుట్ల అని చెప్పింది. అల్ దోహా అల్ జదీదాలో క్లినిక్ నుంచి మాట్లాడుతోంది. డాక్టర్ ఇంగ్లీషులో అడిగింది ఆమె తెలుగులో అడుగుతుంది, ఇతను చెప్పింది అటు చేరవేస్తుంది. ఆడమనిషి ఉంటుందని తిరుమల్ ముందు చెప్పలేదు. అర్రలో ఐదుగురూ మంచాల మీద కూర్చుని సినిమా చూసినట్టు చూస్తున్నారు.

ఆమె ఒక్కొక్కటే అడిగింది. మంట ఎన్నాళ్ల నుంచి? జర నాలుగు దినాల సంది. ఆకలైతుందా? మంచిగైతది. బరువు తగ్గిన్రా? లేదు. గోళీలేమన్న వాడుతున్నరా? లేదు. దొడ్డికి నల్లగ గాని, రక్తం గాని పడుతుందా? భూమేష్ చెవులు వేడెక్కాయి. లేదు, లేదు, గట్లాంటిదేం లేదని రెండు చేతులూ ఊపాడు. ఆమె ఒక్క క్షణం అతని వంక చూసి, డాక్టర్‌కు చెప్పింది. గ్యాసు మందు, ఒక సిరప్పు రాశారు. కారం తగ్గించమన్నారు. డ్యూటీకి ఫిట్ అని జలాలుద్దీన్‌కు మెసేజ్ పోయింది.

నిండుగా కనబడి ఇంత సులువుగా బయటపడ్డందుకు భూమేష్‌కు మొదట సంతోషమే అనిపించింది. అంగీ విప్పి మేకుకు తగిలిస్తుంటే క్లిప్పులు రెండూ టప్‌టప్‌మని కింద పడ్డాయి. ఆ చప్పుడు అతనికి నచ్చలేదు.

*

అల్ అజీజియాలో ఒక పెద్ద భవనం ముఖభాగానికి రంగులు వేయాలి. దానికి పరంజా భూమేష్ గ్యాంగే కట్టింది. నిలువు పైపులు, అడ్డ పైపులు, వాటిని కలిపే క్లాంపులు, మీద పలకలు. పని పూర్తయ్యాక చార్జ్‌హ్యాండ్ పైనుంచి కింది దాకా చూడాలి, ఆ తర్వాత సేఫ్టీ ఆఫీసర్ వచ్చి పచ్చ ట్యాగు కడతాడు. పచ్చ ట్యాగు కట్టాక గాని రంగులవాళ్లు ఎక్కకూడదు.

కొందరు చార్జ్‌హ్యాండ్లు కిందే నిలబడి, మెడ వెనక్కి వంచి ఓసారి చూసి, సబ్ ఠీక్ అనేస్తారు. భూమేష్ అట్లా ఎప్పుడూ చేయలేదు. బెల్టు తగిలించుకుని ఎక్కుతాడు, ప్రతి క్లాంపు నట్టు మీదా స్పానర్ పెట్టి ఒత్తుతాడు. స్పానర్ కదలకపోతే రెండో చేత్తో పైపును ఓసారి తట్టి ముందుకు పోతాడు. దూడను తట్టినట్టు తడతావేంది అని తిరుమల్ ఎగతాళి చేస్తుంటాడు. చేస్తాడు గాని, తను కూడా ఇప్పుడు అట్లాగే తడుతున్నాడు.

ఆదివారం పొద్దున భూమేష్ బెల్టు తగిలించుకుని ఎక్కాడు. సిరప్పు తాగుతూనే ఉన్నాడు, గోళీ కూడా వేసుకుంటూనే ఉన్నాడు. మూడో లిఫ్టు, అంటే మూడో వరస పలకల దగ్గర కళ్ల ముందు నల్లగా అయితే పైపును కావలించుకుని నిలబడ్డాడు. చల్లటి చెమట పట్టింది. ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని పై లిఫ్టుకు ఎక్కి మూలనున్న క్లాంపు మీద స్పానర్ పెట్టాడు.

స్పానర్ కదిలింది. ఇంకాస్త ఒత్తితే అర చుట్టు తిరిగింది. నట్టు వదులుగా ఉంది. ఈ మూల ఎవరు బిగించారో అతను ఎవరినీ అడగక్కర్లేదు. మూలలు తప్పుకుపోతే మొత్తం తప్పుకుపోతుందని మూలలన్నీ తనే బిగిస్తాడు, ఇంకొకరికి ఇవ్వడు. గురువారం సాయంత్రం ఇదే మూలలో ఇదే స్పానర్‌తో తన బలమంతా పెట్టి బిగించాననే అనుకున్నాడు. ఆ బలం అక్కడ లేదు.

ఇప్పుడు రెండు చుట్లు తిప్పేస్తే సరిపోయేది. ఎవరికీ తెలియదు. అతను రెండు చుట్లు తిప్పాడు కూడా. కాని స్పానర్ తీసే ముందు చేయి ఆగింది. ఈ ఒక్కటి దొరికింది. దొరకనివి? గురువారం బిగించిన మిగతా మూలల సంగతేమిటి? ఇప్పుడు బిగించినది కూడా బిగిసిందని తన చేయి చెబుతోంది, ఆ చేతిని ఇంక ఎట్లా నమ్మాలి? చిన్నప్పటి నుంచి ఏ దేవుడి కంటే కూడా ఆ చేతినే ఎక్కువ నమ్ముకున్నాడు. కడుపులో మంట కంటే ఇది ఎక్కువ మండింది.

దిగి వచ్చి నిచ్చెన మొదట్లో ఎర్ర ట్యాగు కట్టాడు. రంగులవాళ్లు డబ్బాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సైటు ఫోర్‌మన్ పరుగున వచ్చి ఏమైందన్నాడు. మూల క్లాంపు వదులుగా ఉంది, మొత్తం మళ్లీ చూడాలి అన్నాడు భూమేష్. ఫోర్‌మన్ కోపంతో గ్యాంగు వంక తిరిగి కిస్నే లగాయా, ఎవరు బిగించారు అని అరిచాడు. తిరుమల్ తల వంచుకున్నాడు, మిగతావాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

“మైనే,” అన్నాడు భూమేష్. “వాళ్లనేమనకుండ్రి. మూల నేనే బిగించిన.”

ఆ మాట అన్నాక అతనికి సిగ్గు వేయలేదు. తర్వాత వేస్తుందేమో అనుకున్నాడు, తర్వాత కూడా వేయలేదు. తిరుమల్ చేతికి తన స్పానర్ ఇచ్చి, నువ్వు బిగియ్యి, నేను కిందనుండి చెప్తా అన్నాడు.

*

సాయంత్రం బస్సు దిగుతూనే క్యాంపు ఆఫీసుకు వెళ్లి మళ్లీ డాక్టర్‌తో మాట్లాడాలని అడిగాడు. జలాలుద్దీన్ హైదరాబాదీ. చెడ్డవాడేం కాదు, కాని పైవాళ్లు అడిగే ప్రతిదానికీ ఫోనులో జవాబు సిద్ధంగా ఉండాలనుకునే మనిషి. పేరు చూసి, మొన్ననే కదా ఫిట్ వచ్చింది అన్నాడు. అదే వారంలో రెండోసారి బుక్ చేస్తే పైనుంచి తనను అడుగుతారట. “తుమీచ్ బోలే నా మియా, అచ్ఛా హూఁ బోలే. డాక్టర్ క్యా కరేగా?” అన్నాడు. బాగున్నానని నువ్వే చెబితివి, ఇంక డాక్టరేం చేస్తాడని.

అది నిజమే. భూమేష్ నడుముకు వేలాడుతున్న బెల్టు విప్పి జలాలుద్దీన్ బల్ల మీద పెట్టాడు.

“ఆ దినం అబద్ధం చెప్పిన సాబ్. నా చేతుల బలం లేదు. రేపు నన్ను పైకి తోలుతె తోలుండ్రి. కని దాని మీదికి మనుషులు ఎక్కుతరు. పచ్చ ట్యాగు మాత్రం నువ్వే వచ్చి కట్టు.”

జలాలుద్దీన్ బెల్టు వంక చూశాడు, మనిషి వంక చూశాడు. అప్పటిదాకా అతను భూమేష్ ముఖం సరిగా చూసినట్టు లేదు. వెంటనే బుక్ చేశాడు, అర్జెంట్ అని కూడా పెట్టాడు.

అర్రకు వచ్చేసరికి లింకు వచ్చేసింది. తిరుమల్ మేకుకున్న అంగీ తీసి పట్టుకున్నాడు, మల్లన్న పౌడరు డబ్బా తెచ్చాడు. వీడియో అంటే అంగీ, అంగీ అంటే పౌడరు. ఇంత జరిగాక కూడా ఆ అలవాటు ఎవరికీ వింతగా అనిపించలేదు. భూమేష్ చేతులు చాపాడు, వాళ్లు తొడిగారు. ఈసారి మల్లన్న మూడో క్లిప్పు కోసం వెతికి, దొరక్క, ఉన్న రెండే గట్టిగా లాగి పెట్టాడు.

ఫోనులో మళ్లీ తహెరున్నీసానే వచ్చింది. డాక్టర్ ఇంకా లైనులోకి రాలేదు. ఆమె నమస్తే అని, ఏదో అడగబోయి ఆగింది. ఫోనుకు కాస్త దగ్గరగా వంగింది.

“అన్నా, ఈ అంగి నేను పోయిన్నెల మీ మల్లన్న మీద జూసిన. దానికంటె ముందు తిరుమల్ అనేటాయన మీద జూసిన. గుండీ ఒకటి వేరే ఉన్నది గదా, అందుకే యాదున్నది.”

మల్లన్న ఆ గుండీ కుట్టిన చేతిని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు.

“జర లేచి అటు తిరుగుండ్రి,” అంది ఆమె.

భూమేష్ లేవలేదు. ఆమె ఇంకోసారి అడగలేదు, ఊరికే ఎదురు చూసింది. అతను లేచి నిలబడి, మెల్లగా వెనక్కి తిరిగాడు. క్లిప్పులు ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. వాటి మధ్య పిడికెడు బట్ట మడతలు పడి ఉంది. ఎవరైనా నవ్వుతారేమోనని భూమేష్ అనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

“ఇటు మల్లుండ్రి,” అంది తహెరున్నీసా. ఆమె గొంతు మారింది. “అన్నా, నేను మీ ఇంట్ల ఆడమనిషిని కాదు. నా ముంగట మంచిగ కనబడే అక్కెర లేదు. ఆ అంగి ఇప్పుండ్రి. మొకం కడుక్కోని, వెలుతురున్న కాడికి రాండ్రి.”

ఆ మాట అతని గుండెలో ఎక్కడో తగిలింది. ఏళ్లుగా ఫోనులో తనను చూసిన ప్రతివాళ్లకూ తను బాగున్నట్టు కనిపించాడు. బాగా లేనట్టు కనిపించమని అడిగినది ఈమె ఒక్కతే. అతను అంగీ విప్పి తిరుమల్ చేతిలో పెట్టాడు, ముఖం కడుక్కుని వరండాలోకి వెళ్లాడు. ఇంకా ఎండ ఉంది. బనీనుతో నిలబడితే మల్లన్న ఫోను పట్టుకున్నాడు. ఈలోపు డాక్టర్ కూడా లైనులోకి వచ్చాడు. కింది కనురెప్ప లాగి చూపించమన్నాడు, నాలుక చూపించమన్నాడు, అరచేతులు ఎండకు పట్టమన్నాడు. అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మల్లన్న అది చూసి తన అరచెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు.

తర్వాత ఆమె శుక్రవారం అడిగిన ప్రశ్నలే మళ్లీ మొదటి నుంచి అడిగింది. గోళీల మాట చెప్పాడు. తిండి మాట చెప్పాడు. దొడ్డి మాట దగ్గరికి వచ్చేసరికి ఆగి వెనక్కి చూశాడు. వెనక వరండా గోడకు ఆనుకుని అర్ర మొత్తం నిలబడి ఉంది. మల్లన్న తల తిప్పి వాళ్ల వంక ఒక చూపు చూస్తే అందరూ లోపలికి పోబోయారు.

“ఉండుండ్రి, ఏంగాదు,” అన్నాడు భూమేష్. ఫోను వంక తిరిగి, “నల్లగ పడుతున్నదమ్మా. రోడ్డు మీద పోసే తారు తీరుగ, జిగటజిగట. నెల దాటింది,” అన్నాడు.

ఆమె అది డాక్టర్‌కు చెప్పింది. డాక్టర్ పొడుగ్గా మాట్లాడలేదు. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని, ఇది ఫోనులో చూసే జబ్బు కాదని, ఇప్పుడే ఆసుపత్రికి పోవాలని అన్నాడు. అంబులెన్సుకు చెప్తున్నాం, ఒంటరిగా మెట్లు దిగొద్దు అని తహెరున్నీసా రెండుసార్లు చెప్పింది. అంబులెన్సు వచ్చినప్పుడు జలాలుద్దీన్ తనే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

*

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. గొంతులోంచి కెమెరా గొట్టం పంపి, ఖాళీ కడుపున మింగిన గోళీలు చేసిన పుండును చూశారు. అందులో రక్తం కారుతున్న చోట చిన్న ఇనుప క్లిప్పు ఒకటి పెట్టి ఆపారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే పరంజా మీదే పడిపోయేవాడివని అక్కడి డాక్టర్ అన్నాడు. భూమేష్ ఆ మాటకు భయపడలేదు గాని, తను పడితే కింద ఎవరుండేవారో అని లెక్క వేసుకుని ఆ తర్వాత భయపడ్డాడు.

అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపిస్తారేమోనన్న దిగులు మాత్రం ఉండేది. బుధవారం జలాలుద్దీన్ వచ్చి కబురు చెప్పాడు. ఆ రోజు సైటులో పరంజా మొత్తం మళ్లీ చూస్తే ఇంకో వదులు క్లాంపు దొరికిందట. సేఫ్టీ ఆఫీసర్ అది ఫోర్‌మన్ ముందే రాసుకుని, తన తప్పు తనే చెప్పే మనిషిని పంపించేస్తే మిగతావాళ్ల మాట నేనెట్లా నమ్మాలి అన్నాడట. పని పోదు, కోలుకునేదాకా పైకి ఎక్కకుండా కింద నుంచి చెకింగ్ చేయాలి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు. జలాలుద్దీన్ ఈ మాట తనే చేసిన పనిలా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ అనుకున్నాడు భూమేష్. బుకింగ్‌లో అర్జెంట్ అని పెట్టింది అతనే కదా.

శుక్రవారం పొద్దున మల్లన్న, తిరుమల్ వచ్చారు. బయటి క్లిప్పులు తీసి లోపల పెట్టిన్రంట గదనే అని తిరుమల్ మంచం దగ్గరికి రాకముందే మొదలుపెట్టాడు. భూమేష్ నవ్వితే కడుపు నొప్పి పుట్టింది, అయినా నవ్వాడు. మల్లన్న చంకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. లోపల ఫోను అంగీ, కత్తిలాంటి ఇస్త్రీతో. క్యాంపు దాటకూడదన్న కట్టుబాటు ఆ అంగీ చరిత్రలో మొదటిసారి తప్పింది. స్వర్ణ ఫోను కోసం ఎదురు చూస్తుంది, ఈ ఆసుపత్రి గౌనులో చూస్తే దడుచుకుంటుంది, జర తొడుక్కో, మంచం వెనక ఈ తెర మంచిగనే ఉన్నది అన్నాడు మల్లన్న. పౌడరు కూడా తెచ్చాడు.

భూమేష్ అంగీ అందుకుని ఒడిలో పెట్టుకున్నాడు. గోధుమరంగు గుండీని వేలితో తడిమాడు. మడత విప్పలేదు. ఫోను తీసి అట్లాగే కాల్ చేశాడు.

స్వర్ణ చాట ముందే ఉంది, పక్కనే మల్లన్న భార్య సాయవ్వ కూడా బీడీలకు ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. రెండు ఊళ్లు పక్కపక్కనే, కార్ఖానా ఒక్కటే. స్వర్ణ అలవాటుగా తిన్నవా అని అడగబోయి తలెత్తింది. చేతిలో బీడీ అట్లాగే ఉండిపోయింది. భూమేష్ ఏదీ దాచకుండా చెప్పాడు. మంట, గోళీలు, తారు, వదులైన క్లాంపు, గొట్టం. వెనక క్లిప్పులు పెట్టుకుని కూర్చున్న శుక్రవారాల సంగతి కూడా చెప్పాడు. ఆ అంగీ తనది కాదని, అర్రలో అందరిదని చెప్పేటప్పుడు మాత్రం మల్లన్న వంక చూశాడు. మల్లన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

స్వర్ణ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“గా అంగి అందరిదని మాకు ఎప్పటి సందో ఎరుకే,” అంది. “ఒక్క శుక్రవారం నా ఫోన్ల నువ్వు, సాయవ్వ ఫోన్ల మల్లన్న బావ. రొండు ఫోన్లల్ల ఒక్కటే గుండీ.”

సాయవ్వ పక్క నుంచి తల దూర్చింది. ఆ గుండీ కుట్టింది మా ఆయననే గదా, అంత మందం దారం పెట్టి ఈ లోకంల ఇంకెవరు కుడతరు అంది. తిరుమల్ కిసుక్కుమన్నాడు. మల్లన్న కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు, కాని చెవులు ఇటే ఉన్నాయి.

“మరి ఎన్నడు అడగకపోతిరి?” అన్నాడు భూమేష్.

“ఎందుకడుగుతం? మీ పరువు మేమే తీసుకుంటమా?” అంది స్వర్ణ. “ఒక్క అంగిని ఇన్నేండ్లు ఆరుగురు తొడిగి, చినగనియ్యకుండ, మాసిపోనియ్యకుండ కాపాడుకున్నరంటె మీ అర్రల కొట్లాట లేదనుకున్నం. ఒకలకొకలు ఉన్నరనుకున్నం. బీడీల కాడ అందరికి గర్వంగనే చెప్పుకున్నం. అది కనబడ్డన్ని దినాలు మాకు ధైర్యమే.”

ఏళ్లుగా తాము సిగ్గుతో దాచుకున్నదాన్ని అక్కడ ఆడవాళ్లు తలెత్తుకుని చెప్పుకున్నారు. భూమేష్ ఒడిలో ఉన్న అంగీని సరిగ్గా పెట్టుకున్నాడు. మల్లన్న ఇటు తిరిగాడు, కళ్లు తుడుచుకున్నాడు, దానికి సాకేమీ వెతుక్కోలేదు.

“కని నాదే తప్పు,” అంది స్వర్ణ. ఇప్పుడు ఆమె నేరుగా చూస్తోంది. “గుండీ దాక చూసిన, నిన్ను చూడకపోతి. ఇగ పౌడరు లేదు, అంగి లేదు. మేము గూడ రాసుకోం, మా మొకాలు గూడ గిట్లనే చూసుకోండ్రి. ఏదీ, లేచి అటు తిరుగు.”

అతను ఒక చేత్తో మంచం పట్టుకుని, ఒక చేత్తో సెలైన్ స్టాండు పట్టుకుని మెల్లగా లేచాడు. ఆసుపత్రి గౌనుకు వెనక తాళ్లే తప్ప గుండీలు లేవు. తిరుమల్ గబుక్కున వెనక్కి వచ్చి రెండు అంచులూ కలిపి పట్టుకున్నాడు. ఈసారి క్లిప్పులు తేలేదు మరి. మల్లన్న ఫోను అందుకుని, భూమేష్ మొత్తం కనిపించేలా రెండడుగులు వెనక్కి వేశాడు.

భూమేష్ తిరిగాడు. ఎముకలు తేలిన భుజాలు, వంగిన నడుం. అన్నీ చూడనిచ్చాడు. తొందరపడలేదు అతను. తను కట్టిన పరంజాను పచ్చ ట్యాగు కోసం చూపించే రోజున నిలబడ్డట్టే, స్వర్ణ చూసి ఇంక చాలు అనేదాకా తిన్నగా నిలబడ్డాడు.